మే నెలలో రోజుకో గుట్ట

"మనాలీ పోదాం మామా" అన్నాడు మా అక్క కొడుకు. ఫ్లైట్ టికెట్ల రేట్లు చూశాక ఇద్దరం మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. అప్పటికే ఆఫీసులో వారం సెలవు పెట్టేశాను. సరే, హైదరాబాద్ చుట్టూ ఉన్న గుట్టలే ఎక్కుదామనుకున్నాం. "మే నెలలోనా? పిచ్చి పట్టిందా?" అంది మా ఆవిడ. ఆవిడ అన్నదాంట్లో సగం నిజమే అయింది.

మొదట మౌలాలి. తెల్లారకముందే మెట్లెక్కి, ఎండ రాకుండానే దిగి ఇరానీ చాయ్ తాగేశాం. ఖర్చంటే పెట్రోలు, చాయ్ డబ్బులే. కాళ్ళు అలవాటు పడాలంటే ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు.

గోల్కొండ గేటు పొద్దెక్కితే గానీ తెరవరు. అప్పటికే రాయి వేడెక్కుతుంది కాబట్టి సాయంత్రం వెళ్ళాం. పైన బారాదరి మండపంలో గాలి బాగుంది. కానీ ఆ జనంలో గుట్ట ఎక్కినట్టుండదు, జాతరలో నడిచినట్టుంటుంది.

అసలు గుట్టంటే భువనగిరి. సిటీ నుంచి వరంగల్ రోడ్డులో 50 కిలోమీటర్ల లోపే. మొత్తం గుట్టే 500 అడుగులు దాటిన ఏకశిల, దాని నెత్తిన కళ్యాణి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడు కట్టించిన కోట. ఆయన బిరుదు త్రిభువనమల్లుడు, ఊరి పేరు దాన్నుంచే వచ్చింది. 13 ఏళ్ళ 11 నెలల వయసులో, 2014 మే 25న, ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ మొదట తాడు పట్టింది ఈ బండ మీదే. ఆ సంగతి చెప్పగానే మావాడు రెండేసి మెట్లు ఎక్కడం మొదలెట్టాడు.

సగం దూరం పోయాక తెలిసింది, మేం బయల్దేరిందే ఆలస్యమని. ఇనుప రెయిలింగు పట్టుకుంటే అట్లపెనం పట్టుకున్నట్టుంది. మెడలో తువ్వాలు తీసి చేతికి చుట్టుకున్నాను. దిగేటప్పుడు ఇంకో తంటా. బండ మీద రవ్వలాంటి ఇసుక, కాలు జారుతుంటే పక్కకు వాలి దిగుతున్నాను. ఇంతలో కుడి బూటు అడుగు ఊడి నాలుకలా వేలాడింది. ఐదేళ్ళుగా అటక మీదున్న బూట్లు, ఆ వేడికి జిగురు వదిలేసింది. మావాడు బ్యాగు తాడు విప్పి కట్టాడు. కింద రోడ్డు పక్కన తిన్న ముంజల రుచి మాత్రం మనాలీలో దొరకదు.

మర్నాడు పాదాలు వాచి ఇంట్లోనే పడుకున్నాను. ఆ తర్వాత రాచకొండ. రేచర్ల పద్మనాయకుల రాజధాని అది, ఇప్పుడు పొదల మధ్య కూలిన గోడలు, గుమ్మాలు. అన్నింట్లోకీ నాకు నచ్చింది ఇదే, కానీ పిల్లలతో పొమ్మని చెప్పను. పైన అంగడి లేదు, నీడ తక్కువ. మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మోసుకుపోయినా దిగేసరికి సీసాలు ఖాళీ.

చివరి రెండు రోజులు వికారాబాద్ దగ్గరి అనంతగిరి. దగ్గర్లో ఒక రిసార్టులో రాత్రికి 3,800 పెట్టి గది తీసుకున్నాం. పదింటికి కరెంటు పోయింది. "జనరేటర్ లైట్లకే సార్, ఏసీకి రాదు" అన్నారు. ఫోన్లో ఊరించిన 'ఫ్రీ ట్రెక్కింగ్ గైడ్' ఎవరయ్యా అంటే, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్న కుర్రాడు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. అయితే అడవి దారి వాడికి సొంత గల్లీలా తెలుసు. ఎక్కడ ముళ్ళుంటాయో, ఎక్కడ నీడ దొరుకుతుందో ముందే చెప్పాడు. రాలిన టేకాకుల మీద నడుస్తుంటే అప్పడాలు తొక్కినట్టు చప్పుడు. మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. వెతుక్కుంటూ వెళ్ళిన వాగులో మాకు తడి కూడా కనబడలేదు. పచ్చదనం కావాలంటే వానలు పడ్డాకే పోవాలి.

రెండో రాత్రి గది మార్చేశాం. వికారాబాద్ బస్టాండు దగ్గర 700 రూపాయల లాడ్జి. గది ఉక్కగా ఉంటే ఓనరే చాపలిచ్చి డాబా మీద పడుకోమన్నాడు. ఆ వారంలో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది అక్కడే.

ఇంటికొచ్చాక బూటు కుట్టించడానికి 80 రూపాయలైంది. ఇంకో రోజు సెలవు మిగిలే ఉంది. నాలుగున్నరకి మావాడు తలుపు కొట్టి, "మౌలాలి?" అన్నాడు.