వంటింటి గట్టు మీద ఈ-రీడర్: ఏళ్ల వాడకం తర్వాత

ఈ-రీడర్ అంటే డిజిటల్ పుస్తకాలు చదువుకోవడానికే చేసిన పలక. అది కొన్న వారంలో రాసే సమీక్షలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. తెర కాగితంలా ఉంది, చేతికి బరువు తెలియడం లేదు, ఛార్జింగ్ అయిపోవడమే లేదు. అన్నీ నిజాలే. కానీ పిల్లలున్న ఇంట్లో, పొద్దునా సాయంత్రం స్టవ్ దగ్గర నిలబడే మనిషికి అది ఎంత పనికొస్తుందో వారంలో తేలదు. నాది ఆరంగుళాల తెర ఉన్న మామూలు రకం. కొన్నేళ్లుగా దాని చోటు వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వస్తువు మంచిదే. అయితే నాకు చదువుకునే టైమ్ ఇచ్చింది మాత్రం రైస్ కుక్కరూ, ప్రెషర్ కుక్కరూ. అవి మిగిల్చిన పది పన్నెండు నిమిషాలు చేజారిపోకుండా ఈ-రీడర్ పట్టుకుంటుంది. అంతకు మించి దాని దగ్గర మహిమలేం లేవు. వంట పద్ధతి మార్చకుండా ఇది కొంటే చదువు పెరుగుతుందనుకునేవాళ్ల ఈ-రీడర్లు సొరుగుల్లో పడి ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఫోన్ ఉండగా ఇది దేనికి అని అడుగుతారు. ఫోన్‌లో రెండు పేజీలు చదివేలోపు ఏదో ఒక మెసేజ్ వస్తుంది, దానికి జవాబు ఇచ్చేసరికి కూర దించే వేళవుతుంది. ఈ-రీడర్‌లో ఆ బెడద లేదు. పైగా ఆ తెర పనిచేసే తీరే వంటింటికి సరిపోతుంది. ఈ-ఇంక్ తెరలో వెంట్రుక మందమంత చిన్న గుళికలుంటాయి. వాటిలో నల్లవి, తెల్లవి రేణువులు. ఒక రంగువాటికి ధనావేశం, రెండోవాటికి రుణావేశం ఉంటుంది. కరెంటు తగిలినప్పుడు ఏవో ఒకటి పైకి వస్తాయి, ఆ తర్వాత కరెంటు లేకపోయినా అక్కడే నిలిచిపోతాయి. అంటే పేజీ మారేటప్పుడు తప్ప అక్షరాలకు శక్తి అక్కర్లేదు. కిటికీలోంచి ఎండ సూటిగా పడుతున్నా అక్షరం మసకబారదు. బ్యాటరీ విషయంలో ఒక సంగతి గమనించండి. కంపెనీలు వారాల తరబడి వస్తుందని చెప్పే లెక్క మామూలుగా రోజుకు అరగంట చదివితే, వైఫై ఆపేస్తే వచ్చేది. చిన్నపిల్లల తల్లిదండ్రులను చూసే ఆ అరగంట పెట్టారేమోనని నా అనుమానం.

తడి చేతుల సంగతి చెప్పాలి. కొనేముందు నేను భయపడింది దీని గురించే. నూనె వేలితో ముట్టుకుంటే జిడ్డు అంటుతుంది గానీ పేజీ తిరుగుతుంది. నీటి చుక్కతోనే తంటా. ఇప్పటి తెరలు వేలిలోని విద్యుత్ గుణాన్ని పసిగట్టి పనిచేస్తాయి, నీటి చుక్క కూడా వాటికి వేలిలాగే కనిపిస్తుంది. ఒక చుక్క పడితే నాలుగు పేజీలు వాటంతట అవే తిరిగిపోతాయి, లేదా డిక్షనరీ తెరుచుకుంటుంది. పల్చటి ప్లాస్టిక్ జిప్ కవరులో పెడితే ఈ గొడవ ఉండదు, కవరు పైనుంచే టచ్ పనిచేస్తుంది. నేను చాలాకాలంగా అలాగే వాడుతున్నాను. పక్కన బటన్లు ఉన్న మోడల్ అయితే ఇంకా హాయి, మోచేత్తో కూడా పేజీ తిప్పేయొచ్చు.

ఐపీఎక్స్8 అని రాసి ఉంటే నీళ్లలో మునిగినా తట్టుకుంటుందని అర్థం. కొన్ని ఈ-రీడర్లకు రెండు మీటర్ల లోతు మంచినీళ్లలో గంటసేపు అని చెబుతారు. అది చూసి స్టవ్ పక్కన పెట్టకండి. ఆ పరీక్ష నీళ్లకు చేసింది, ఆవిరికి కాదు. వేడి కూడా దానికి పడదు. గిన్నె మీంచి వచ్చే సెగ తగలనంత దూరం ఉండాలి. పొడి పిండి మరో శత్రువు, ఛార్జింగ్ రంధ్రంలో చేరి గట్టిపడుతుంది. పిండి కలిపే రోజు నాది కవరులోంచి బయటికి రాదు.

ఇక అసలు సంగతి, ఏ వంటకు ఏ చదువు. ఇది ఎవరూ రాయగా చూడలేదు, అందుకని కాస్త వివరంగా చెబుతాను.

కొన్ని వంటలు తమను తామే చూసుకుంటాయి. వాటిలో మొదటిది అన్నం. జపాన్‌లో 1955లో తోషిబా కంపెనీ ఆటోమేటిక్ రైస్ కుక్కర్‌ను అమ్మకానికి తెచ్చినప్పటి నుంచీ దాని గొప్పతనం ఒక్కటే, ఎప్పుడు ఆగాలో దానికే తెలుసు. ఇప్పటి మామూలు రకాల్లో గిన్నె అడుగున అయస్కాంతంతో ముడిపెట్టిన స్విచ్ ఉంటుంది. నీళ్లున్నంతసేపూ గిన్నె వేడి 100 డిగ్రీల దగ్గరే నిలిచి ఉంటుంది. నీళ్లన్నీ ఇంకగానే వేడి ఆ గీత దాటుతుంది. ఆ వేడికి లోపలి లోహం అయస్కాంతానికి అంటుకునే గుణం కోల్పోతుంది, స్ప్రింగ్ తోసేస్తుంది, స్విచ్ టక్కుమని పైకి లేస్తుంది. చదివేవాడికి ఇంతకంటే మంచి మిత్రుడు ఎవరు? ఆ టక్కు వినిపించేదాకా నవల చదువుకోవచ్చు, పేజీ మధ్యలో తలెత్తి చూడక్కర్లేదు.

ప్రెషర్ కుక్కర్‌ది కొంచెం వేరు. ఒత్తిడి పెరగడంతో లోపలి నీళ్లు దాదాపు 120 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అందుకే గింజలు అంత త్వరగా మెత్తబడతాయి. పని త్వరగా అవుతుంది, మధ్యలో మూత తీసి చూసే అవకాశమూ లేదు కాబట్టి చదువుకు మంచిదే. విజిల్ వేసే రకంతోనే ఇబ్బంది. కథ రసపట్టులో ఉన్నప్పుడు ఇది మూడోదా నాలుగోదా అనే సందేహం రాకుండా ఉండదు. నేను విజిళ్లు లెక్కపెట్టడం మానేశాను. ప్రెషర్ నిండగానే మంట తగ్గించి టైమర్ పెడతాను. టైమర్ ఉన్న ఎలక్ట్రిక్ కుక్కర్‌కు ఆ బాధ కూడా లేదు.

తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే స్లో కుక్కర్ అయితే పూటంతా చదువుకోనిస్తుంది. కానీ ఎర్ర రాజ్మా విషయంలో జాగ్రత్త. వాటిలో సహజంగా లెక్టిన్ అనే పదార్థం ఉంటుంది, పచ్చిగా లేదా సగం ఉడికి కడుపులోకి వెళితే వాంతులు పట్టుకుంటాయి. తక్కువ వేడికి అది పోదు. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో కనీసం పది నిమిషాలు కుతకుతా మరిగించాకే స్లో కుక్కర్‌లో వేయాలి. ఆ పది నిమిషాలు స్టవ్ దగ్గరే ఉండాలి.

రెండో రకం, రెండు మూడు నిమిషాలకోసారి గరిటె అడిగేవి. ఉల్లిపాయలు నిదానంగా గోధుమరంగుకు రావాలంటే ముప్పావుగంట పట్టొచ్చు, మధ్యమధ్యలో కదపకపోతే అడుగంటుతాయి. చిక్కటి సూప్ కూడా అంతే. నవల ఇక్కడ కుదరదు. ప్రతిసారీ ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో వెతుక్కోవాలి. కవితలు, చిన్న వ్యాసాలు, ఉత్తరాల సంకలనాలు బాగా కుదురుతాయి. ఒక కవిత చదివి గరిటె తిప్పుతూ దాన్నే నెమరేసుకోవచ్చు. నేను కవిత్వం చదవడం పెరిగింది ఉల్లిపాయల పుణ్యమే అంటే మా ఇంట్లో నవ్వుతారు.

మూడో రకం వంటల దగ్గర పుస్తకం మూసేయాల్సిందే. పాలు కాచడం, నూనెలో వేయించడం, పంచదార పాకం. పాల మీద ప్రొటీన్లు, కొవ్వు కలిసి పొరకడతాయి, కింద పుట్టిన ఆవిరి ఆ పొరను ఒక్కసారిగా పైకి లేపుతుంది. అప్పటిదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది కాబట్టి చదివేవాళ్లు దొరికిపోతారు. పంచదార 160 డిగ్రీలు దాటాక రంగు తిరగడం మొదలైతే చేదెక్కడానికి ఎంతోసేపు పట్టదు. నూనె గురించి చెప్పేదేముంది, మరీ కాగితే అంటుకుంటుంది. మంట మీద నూనె ఉన్నంతసేపూ నా ఈ-రీడర్ కవరు మూసే ఉంటుంది.

ఇన్నేళ్లలో నాకు బాగా నచ్చిన సదుపాయం, తెర కింద మూలలో కనిపించే ‘ఈ అధ్యాయానికి ఇంకా ఇన్ని నిమిషాలు’ అన్న లైను. దాన్నీ కుక్కర్ టైమర్‌నూ పక్కపక్కన చూసుకుని, మొదలుపెట్టాలా వద్దా అని తేల్చుకుంటాను. అది మన పేజీలు తిప్పే వేగాన్ని బట్టి కట్టే అంచనా. పేజీ తెరిచి ఉంచి గరిటె తిప్పడానికి వెళితే నాది నన్ను నిదానస్తుడిగా లెక్కేసుకుంటుంది. అందుకే లేచేటప్పుడు పవర్ బటన్ నొక్కి వెళ్లడం అలవాటైంది.

ఆడియో పుస్తకాల మాట. చేతులకు పని ఉండి కళ్లకు పెద్దగా లేనప్పుడు, అంటే గిన్నెలు తోమేటప్పుడు, కూరగాయలు తొక్క తీసేటప్పుడు వీటిని మించింది లేదు. కానీ నిదానం. మార్క్ బ్రిస్‌బార్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, ఇంగ్లిష్‌లో పెద్దవాళ్లు కథేతర పుస్తకాలను మనసులో చదువుకునే వేగం నిమిషానికి సుమారు 238 పదాలు. చదివి వినిపించేవాళ్లు మామూలుగా 150 దగ్గర ఉంటారు. వేగం పెంచుకోవచ్చు, నిజమే. అయితే ఎగ్జాస్ట్ ఫ్యాన్ మోతలో వేగం పెంచిన గొంతు వినడం తలనొప్పి. మిక్సీ వేస్తే అసలే పోయింది. నేను ఒక చెవికే పెట్టుకుంటాను, రెండో చెవి పిల్లలది. ‘నాన్నా, నా రెండో సాక్స్ ఎక్కడ?’ అన్న ప్రశ్న ఎప్పుడు వస్తుందో చెప్పలేం కదా. నా ఆడియో యాప్‌లో అన్నిటికంటే ఎక్కువ నొక్కేది ముప్పై సెకన్లు వెనక్కి వెళ్లే బటన్. ఉచితంగా మొదలుపెట్టాలనుకుంటే, 2005 నుంచి నడుస్తున్న లిబ్రివాక్స్ అనే వెబ్‌సైట్‌లో కాపీరైట్ తీరిన పుస్తకాలను వాలంటీర్లు చదివి పెడుతున్నారు. గొంతుల నాణ్యత ఒకేలా ఉండదు, రెండు నిమిషాలు విని ఎంచుకోవాలి.

వంటల పుస్తకాలకు మాత్రం ఈ-రీడర్ దండగ. కొలతలు ఒక పేజీలో, చేసే విధానం మరో పేజీలో. వెనక్కి ముందుకి తిప్పుతుంటే తెర నిదానంగా మారుతుంది. నలుపు తెలుపు తెర మీద ఉల్లిపాయ ఏ రంగుకు రావాలో ఫొటో చూపించలేదు. నేను కావలసినవి చీటీ మీద రాసి అల్మారా తలుపుకు అంటిస్తాను.

తెలుగు చదివేవాళ్లకు ఒక మాట. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు ఆరంగుళాల తెర మీద చదవడం కంటికి శిక్ష, అక్షరాలు పెంచితే లైను తెర దాటిపోతుంది. అక్షరాలు సర్దుకునే ఈపబ్ ఫైలయితే బాగుంటుంది, కానీ ఒత్తులు సరిగ్గా కింద కూర్చుంటున్నాయో లేదో కొనేముందే ఒక పుస్తకం తెరిచి చూసుకోవాలి.

పిల్లల సంగతిలో దీనికి మంచీ చెడూ రెండూ ఉన్నాయి. ఆటలు, వీడియోలు లేవు కాబట్టి వాళ్లకు దాని మీద మోజు లేదు, లాక్కోరు. రాత్రి ఒక చేయి నిద్రపోతున్న పిల్ల తల కింద ఉన్నా, 200 గ్రాముల వస్తువును రెండో చేత్తో పట్టుకోవచ్చు. దీపం తెర అంచుల్లోంచి అక్షరాల మీద పడుతుంది, మన కళ్లలోకి సూటిగా కొట్టదు. కానీ నాన్న ఏం చదువుతున్నాడో వాళ్లకు కనిపించదు. అట్ట లేదు, బొమ్మ లేదు, వెన్ను మీద పేరు లేదు. కాగితం పుస్తకం గట్టు మీద ఉంటే ‘ఇదేంటి?’ అని అడిగేవాళ్లు, మధ్యలో తెరిచి రెండు లైన్లు చదివేవాళ్లు. ఈ బూడిదరంగు పలకను వాళ్లు ఒక్కసారీ అలా తెరవలేదు. ఇది నాకు నిజంగా లోటుగానే ఉంది. అందుకే నచ్చిన పుస్తకాలు కొన్నింటిని కాగితం మీద కూడా కొని వాళ్ల చేతికి అందే అరలో పెడుతున్నాను.

పాతబడేకొద్దీ వచ్చిన లోపాలు: ఛార్జింగ్ రంధ్రం వదులైంది, తీగను ఒక కోణంలో ఒత్తి పెడితేనే ఎక్కుతుంది. బ్యాటరీ మొదటి రోజుల్లో సగం కూడా రావడం లేదు. వెనక మూత జిగురుతో అతికించారు కాబట్టి బ్యాటరీ మార్చడం మనవల్ల అయ్యే పని కాదు, రిపేరు షాపుల వాళ్లు కూడా పెదవి విరుస్తారు. పాత పేజీ నీడ కొత్త పేజీ మీద లీలగా కనిపించడం మొదటి నుంచీ ఉంది, సెట్టింగ్స్‌లో ప్రతి పేజీకీ తెర పూర్తిగా తుడిచేలా పెడితే తగ్గుతుంది.

ఇంకోటి కొనాల్సి వస్తే పక్కన బటన్లు, యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉన్నదే తీసుకుంటాను. రంగుల తెర వద్దు, మామూలు అక్షరాలు చదవడానికి దానివల్ల ఒరిగేదేం లేదు. ఆడియో కోసం అదనంగా ఖర్చు పెట్టను, దానికి ఫోన్ చాలు. సెకండ్‌హ్యాండ్ తీసుకునేవాళ్లు తెర మీద గీతల కంటే ముందు ఛార్జింగ్ రంధ్రంలో తీగ పెట్టి కదిపి చూడండి, పాత యజమాని అకౌంట్ అందులోంచి తీసేశారో లేదో అడగండి.