సొర చేప పళ్ళ శిలాజాల పెట్టె: పెద్ద పన్ను కంటే చిన్న టేకు చేప పళ్ళ పలకే డబ్బుకి తగ్గది

నేను రాజోలు దగ్గర హైస్కూల్లో బయాలజీ చెబుతాను. శిలాజాలంటే పుస్తకంలో బొమ్మ చూపించి పేజీ తిప్పేయడం ఎన్నేళ్ళ నుంచో మనసుకి కష్టంగా ఉండేది, అందుకే సంక్రాంతి సెలవుల్లో ఆన్‌లైన్‌లో సొర చేపలవీ, వాటికి చుట్టాలైన బల్లపరుపు టేకు చేపలవీ శిలాజాలున్న పెట్టె ఒకటి నా డబ్బుతో తెప్పించాను. 2,450 రూపాయలు, డెలివరీ ఖర్చు వేరే. 14 ముక్కలు, ఒక భూతద్దం, ఒక చిన్న పుస్తకం. అమ్మినవాళ్ళ పేరు రాయను. ఇలాంటివి చాలామంది అమ్ముతున్నారు కాబట్టి ఏం చూసుకుని కొనాలో చెబుతాను, అది ఎక్కడ కొన్నా పనికొస్తుంది.

ప్యాకింగ్ బాగుంది, ప్రతి ముక్కా దూదిలో చుట్టి విడివిడి అరల్లో పెట్టారు, ఒక్కటీ విరగలేదు. భూతద్దం మాత్రం నాసిరకం. స్కూల్ ల్యాబ్‌లోది వాడుతున్నాం.

చిన్న సొర పళ్ళు 9 ఉన్నాయి, అన్నీ అసలైనవే. చీటీ మీద మొరాకో అని మాత్రమే రాశారు గానీ ఆ తేనె రంగూ ఆకారాలూ చూస్తే ఖురీబ్గా ఫాస్ఫేట్ గనుల సరుకని తెలుస్తుంది, చవగ్గా దొరికే సొర పళ్ళలో చాలా భాగం అక్కడివే. ఆ గనులు తవ్వేది ఎరువు కోసం, పళ్ళు దాంతో పాటు బయటపడతాయి. మన చేలల్లో చల్లే డీఏపీలోని భాస్వరం కూడా ఇలాంటి రాతి నుంచే వస్తుందనీ, మొరాకో నుంచి మన దేశానికి దిగుమతి అవుతుందనీ చెప్పినప్పుడు మా పిల్లలు ఒక్కసారిగా బెంచీల మీద ముందుకి జరిగారు. వాళ్ళ ఇళ్ళలో ఆ బస్తాలు ఉంటాయి మరి.

పళ్ళే ఎందుకు దొరుకుతాయి, మిగతా చేప ఏమైపోయింది అని అడిగారు. సొరకి మనకున్నట్టు గట్టి ఎముకలుండవు, ఒళ్ళంతా మృదులాస్థే, మన చెవి డిప్పలో ఉండే మెత్తటి ఎముక లాంటిది. సొర పిట్టు వండేటప్పుడు ఉడికించి తోలు తీసి నలిపితే ముల్లు బాధ లేకుండా పొడిపొడిగా వచ్చేస్తుంది కదా, చచ్చిన సొర సముద్రం అడుగున కూడా అలాగే త్వరగా కరిగిపోతుంది. పన్ను అలా కాదు, పైపొరలో ఫ్లోరిన్ కలిసిన గట్టి ఖనిజం ఉంటుంది. పైగా సొరకి పళ్ళు వరసల మీద వరసలుగా పుడుతూ ముందువి రాలిపోతూ ఉంటాయి, ఒక్క సొర జీవితకాలంలో వేల పళ్ళు రాలుస్తుంది. ఈ 9 పళ్ళలో సన్నగా మేకుల్లా, నిలువు గీతలతో ఉన్నవి స్ట్రయటోలామియా అనే సొరవి, జారిపోయే చేపని గుచ్చి పట్టుకోవడానికి. పక్కల చిన్న మొనలతో దళసరిగా ఉన్న ఒకటి ఓటోడస్‌ది, సుమారు 5, 6 కోట్ల ఏళ్ళ నాటి పెద్ద సొర. అంచుని వేలితో తడిమితే నున్నగా ఉంటుంది, రంపపు పళ్ళు ఉండవు.

ఇక టేకు చేప పళ్ళ పలకలు. పెట్టెలో రెండే ఉన్నాయి, బొటనవేలి గోరంత, అమ్మినవాళ్ళ ఫోటోలో ఓ మూల కనపడీ కనపడకుండా పెట్టారు. నా దృష్టిలో ఈ పెట్టెకి ప్రాణం అవే. ఆరు మూలల ముక్కలు ఇంటి ముందు టైల్స్ పరిచినట్టు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి, పైభాగం అరిగి నిగనిగలాడుతూ ఉంటుంది. ఇవి కొరికే పళ్ళు కావు, గుల్లల్ని నూరి పిండి చేసే పళ్ళు. మిలియోబాటిస్ అనే రకానివి, గద్ద రెక్కల్లాంటి రెక్కలుండే టేకు.

ఈ మాట పిల్లలు నమ్మాలంటే పక్కన తాజాది ఒకటి ఉండాలనిపించి ఒక ఆదివారం పొద్దున్నే అంతర్వేది పల్లిపాలెం వెళ్ళాను. రెండు వారాలు తిరిగితే గానీ ఆ రకం టేకు కనపడలేదు, తోక పొడవుగా ఉండే మామూలు టేకులు మాత్రం రోజూ ఉంటాయి, వాటి పళ్ళు గరుకు కాగితంలా సన్నగా ఉంటాయి. చివరికి చేపలు కోసే మామ్మ ఒకావిడ దగ్గర దొరికింది. "ఏంటి మాస్టారూ, కూర వదిలేసి దవడ పట్టుకెళ్తానంటారు?" అంది. పిల్లలకి చూపించడానికి మామ్మగారూ అంటే కత్తితో జాగ్రత్తగా ఊడదీసి ఇచ్చి డబ్బులు తీసుకోనంది. "చదువుకేగా, పట్టుకెళ్ళండి బాబూ." దాన్ని ఉడికించి, పాత బ్రష్‌తో తోమి, నీడన ఆరబెట్టి శిలాజం పక్కన పెట్టాను. అవే ఆరు మూలలు, అదే వరస, అదే అరుగుదల. తెల్లది ఒకటి, గోధుమ రంగుది ఒకటి, మధ్యలో 5 కోట్ల ఏళ్ళు. కాకినాడ అఖాతంలో గుల్లలు ఏరుకునే చోట ఈ టేకులు ఏం తింటున్నాయో, అప్పటి మొరాకో వెచ్చని లోతులేని సముద్రంలో వాటి పూర్వీకులూ అదే తిన్నాయి. క్లాసులో ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ లేవలేదు.

ఇప్పుడు నచ్చని సంగతులు. ప్రకటనలో పెద్దగా చూపించింది మెగలొడాన్ అనే ఒకప్పటి రాకాసి సొర పన్నుని, చాలామంది దాని కోసమే కొంటారు. 7 సెంటీమీటర్ల ముక్క వచ్చింది. ఎండలో పట్టుకుని చూస్తే కింది మొన దగ్గర రంగు మరీ సమంగా ఉంది, అంచు రంపపు పళ్ళు అక్కడికొచ్చేసరికి ఆగిపోయాయి, భూతద్దంలో చిన్న బుడగలు కనపడ్డాయి. అంటే విరిగిన పన్నుకి రెజిన్‌తో (గట్టిపడే ప్లాస్టిక్ జిగురుతో) మొన పెట్టారన్నమాట. బాగుచేసి అమ్మడం తప్పని నేననను, బాగుచేశామని రాయకపోవడం తప్పు. ఫోటోలు పంపితే ఒప్పుకుని 300 రూపాయలు వెనక్కి ఇచ్చారు. మెగలొడాన్ బతికింది దాదాపు 2 కోట్ల 30 లక్షల ఏళ్ళ కిందటి నుంచి 36 లక్షల ఏళ్ళ కిందటి వరకు, ఓటోడస్ పన్ను దానికంటే ఎంతో పాతది, అయినా ధరలో సైజే చూస్తారు. ఇంకోటి, "రాయిలో ఉన్న పన్ను" అని ఇచ్చిన ముక్కని రాత్రి నీళ్ళలో వేసి ఉంచితే పొద్దుటికి ఇసుక విడిపోయి జిగురు తేలింది. పన్ను అసలుదే, రాయి మాత్రం జిగురుతో అతికించినది. మీరు కొంటే విడి పళ్ళే అడగండి.

పుస్తకం 16 పేజీలు, అంతా ఇంగ్లీషు, బొమ్మలు బాగున్నాయి. కానీ సొరలన్నీ సముద్రంలోనే బతుకుతాయని రాశారు, అది పొరపాటు. గోదావరి ఎగువన ప్రాణహిత కలిసే వైపు కోట ఫార్మేషన్ అనే రాతి పొరల్లో జురాసిక్ కాలపు మంచినీటి సొరల పళ్ళు దొరికాయి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించింది చీటీలు. ఏ దేశమో తప్ప ఏ గని, ఏ పొర, ఏ కాలం అన్నది ఒక్కదాని మీదా లేదు. ఊరు తెలియని శిలాజంతో అక్కడ ఒకప్పుడు ఏ సముద్రం ఉండేదో చెప్పలేం. మనకైతే ఆ కథ కాళ్ళ కిందే ఉంది. కేజీ (కృష్ణా-గోదావరి) బేసిన్‌లో చమురు కోసం బావులు తవ్వినప్పుడు లోపల తగిలిన పొరలకి మన ఊళ్ళ పేర్లే పెట్టారు. అడుగున లావా రాయికి రాజోలు ఫార్మేషన్, దాని పైన సముద్రపు బురద గట్టిపడిన పొరకి పాలకొల్లు షేల్, ఆ పైన పాశర్లపూడి, భీమనపల్లి సున్నపురాయి, ఇంకా పైన నరసాపురం. ఆ లావా రాయే రాజమండ్రి దగ్గర కాతేరులో నేల మీద కనిపిస్తుంది, 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ నాటిది, పడమటి కనుమల వైపు నుంచి దాదాపు 1000 కిలోమీటర్లు పారి వచ్చిందంటారు. రెండు లావా పొరల మధ్య సున్నపురాయిలో మరమేకుల్లా మెలితిరిగిన సముద్రపు గుల్లలున్నాయి, అంటే అప్పుడు తీరం అక్కడే. మొరాకోలో ఓటోడస్ ఈదుతున్న రోజుల్లో మన పాలకొల్లు షేల్ బురద సముద్రం అడుగున పేరుకుంటోంది. ఇదంతా చీటీల మీద తెలుగులో మా పిల్లల చేత రాయించాను, రెండు పీరియడ్లు పట్టింది.

టీచర్లకీ, పదేళ్ళు దాటిన పిల్లలున్న ఇళ్ళకీ ఈ పెట్టె కొనమనే చెబుతాను, మెగలొడాన్ లేని 1,600 రూపాయల చిన్న పెట్టె అయితే ఇంకా మేలు. టేకు పలకలు విడిగా కూడా ఉన్నాయి, ఒక్కోటి 220. అమ్మేవాళ్ళని గని పేరు అడిగి, రాసి పంపుతామన్నాకే నాలుగు ఆర్డర్ పెట్టాను, ఒకటి పల్లిపాలెం మామ్మకి.