కౌమార ఆరోగ్య విద్యా కిట్: బొమ్మలు బాగున్నాయి, నీలం నీళ్లే బాగోలేవు

శానిటరీ ప్యాడ్లు తయారుచేసే ఒక సంస్థ పాఠశాలలకు ఉచితంగా పంపే కౌమార ఆరోగ్య విద్యా కిట్‌ను తరగతిలో వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. పునరుత్పత్తి అవయవాల బొమ్మలు అతికించుకునే గుడ్డ ఏప్రన్, గోడ చార్టులు, పిల్లలకు పంచే చిన్న పుస్తకాలు, నమూనా ప్యాడ్లు, ఉపాధ్యాయులకు పాఠ ప్రణాళిక ఈ పెట్టెలో ఉన్నాయి.

అన్నింటిలోకీ మెచ్చుకోవలసింది ఏప్రన్. పాఠం చెప్పేవారు దాన్ని తగిలించుకుంటే గర్భాశయం, అండాశయాలు, ఫెలోపియన్ నాళాలు శరీరంలో నిజంగా ఉండే ఎత్తులోనే కనిపిస్తాయి. వెల్క్రో అంటించిన చిన్న అండాన్ని అండాశయం నుంచి నాళంలోకి, అక్కడి నుంచి గర్భాశయంలోకి జరుపుతూ, లోపలి పొర మందంగా పెరగడాన్నీ, గర్భం రాకపోతే ఊడిపోవడాన్నీ ఎర్రగుడ్డ మడతలతో చూపించవచ్చు. నెలసరి అంటే ఒంట్లోని చెడురక్తం బయటికి పోవడమన్న నమ్మకం ఎంత చెప్పినా పోదు గానీ, ఆ మడతలు విడిపోవడం కళ్లారా చూస్తే చాలావరకు సడలుతుంది. మూత్రద్వారం, యోని వేర్వేరని విడిగా చూపిన చార్టు కూడా మంచిదే. ఈ తేడా తెలియని పెద్దలు తక్కువేమీ కాదు.

ఇంత శ్రద్ధగా చేసిన కిట్‌లో, ప్యాడ్ ఎలా పీల్చుకుంటుందో చూపడానికి మాత్రం ఒక సీసాలో నీలం నీళ్లు ఇచ్చారు. ఏప్రన్ మీద ఎర్రగా ఉన్నది ప్యాడ్ దగ్గరికి వచ్చేసరికి నీలంగా ఎందుకు మారిందో పాఠ ప్రణాళికలో ఎక్కడా లేదు, పిల్లలు మాత్రం అడిగి తీరతారు.

నెలసరి రక్తాన్ని ఉన్నదున్నట్టు చూపడానికి పడే ఈ జంకుకు పాత చరిత్రే ఉంది. అమెరికాలో 1913లో షికాగో పాఠశాలల సూపరింటెండెంట్ ఎల్లా ఫ్లాగ్ యంగ్ ఉన్నత పాఠశాలల్లో శరీరధర్మాల గురించి ఉపన్యాసాలు ఏర్పాటు చేస్తే, తీవ్రమైన వ్యతిరేకత రావడంతో ఆ ప్రయోగం కొద్దికాలానికే ఆగిపోయింది. బడులు వదిలేసిన ఆ ఖాళీలోకి ప్యాడ్ల కంపెనీలు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయాల కట్లకు వాడిన కలపగుజ్జు పదార్థంతో 1920 ప్రాంతంలో కోటెక్స్ ప్యాడ్లను మార్కెట్లోకి తెచ్చిన కింబర్లీ-క్లార్క్, తరవాతి దశాబ్దాల్లో బాలికల కోసం పుస్తకాలు వేసింది. 1946లో వాల్ట్ డిస్నీ స్టూడియో చేత సుమారు 10 నిమిషాల యానిమేషన్ చిత్రం తీయించి పాఠశాలల్లో చూపించింది. ఆనాటికి అది సాహసమే, అందులోని శాస్త్రవిషయం కూడా చాలావరకు సరైనదే. అయినా అందులో రుతుస్రావం తెల్లగా కనిపిస్తుంది, లైంగికత ప్రస్తావన లేదు, శుభ్రత మీదే ఎక్కువ దృష్టి. స్వీడన్ వంటి దేశం 1955లో లైంగిక విద్యను పాఠశాలల్లో తప్పనిసరి చేసి, ఆ బాధ్యతను ప్రభుత్వమే తీసుకుంది. సరుకు అమ్మేవాడు పాఠం రాస్తే ఆ పాఠం సరుకు దగ్గరే ఆగుతుంది. ఈ కిట్‌లోని పుస్తకంలోనూ ప్యాడ్ మార్చే పద్ధతికి నాలుగు పేజీలు దక్కగా, హార్మోన్లకు దక్కింది అరపేజీ.

ఆ పుస్తకంలో నేరుగా సరిదిద్దవలసినది ఒకటుంది. నెలసరి 28 రోజులకొకసారి వస్తుందని క్యాలెండర్ గీసి మరీ చెప్పారు. మొదలైన తొలి సంవత్సరాల్లో 21 నుంచి 45 రోజుల వరకు తేడా ఉండటం మామూలే కనుక, ఈ బొమ్మ చూసిన పిల్ల తనకేదో జబ్బు ఉందని భయపడే ప్రమాదం ఉంది. నొప్పి సహజమని రాసినవారు, బడికి వెళ్లలేనంత నొప్పి వచ్చినా, గంటకొక ప్యాడ్ తడిసిపోయినా డాక్టరుకు చూపించాలని ఒక్క వాక్యం చేర్చి ఉండవలసింది.

అబ్బాయిల పేజీ గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. గొంతు మారడం, చెమట వాసన, మొటిమలు, అంతే. వృషణాలు పెరగడమే వారిలో యౌవనారంభానికి మొదటి గుర్తని గానీ, నిద్రలో వీర్యస్ఖలనం జబ్బు కాదని గానీ, కొందరిలో ఛాతీ కొంతకాలం ఉబ్బి తరవాత తగ్గిపోతుందని గానీ లేదు. పైగా ఏప్రన్ పాఠాన్ని బాలికలకే చెప్పాలని సూచించారు. ఆ సూచనను పక్కనపెట్టి ఇద్దరికీ కలిపి చెప్పాం. అబ్బాయిల నవ్వులు మొదటి కొన్ని నిమిషాలకే సద్దుమణిగాయి, ఆ తరవాత వచ్చిన ప్రశ్నల్లో సగం వారివే.

ఏప్రన్, చార్టుల కోసం ఈ కిట్ తెప్పించుకోవచ్చు. పుస్తకాలను మాత్రం ఉపాధ్యాయులు ముందుగా చదివి, క్యాలెండర్ పేజీ పక్కన దిద్దుబాటు రాసి, చివరి పేజీలోని కొనుగోలు కూపన్ చించేసిన తరవాతే పంచడం మంచిది.