రెండు రోజుల టారో తరగతి: శనివారం బాగుంది, ఆదివారం మాత్రం కాదు

జోస్యం మీద పెద్దగా నమ్మకం లేకపోయినా బొమ్మల మీద ఇష్టం కొద్దీ, విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో ఒక ఇంటి మేడమీద జరిగిన టారో కార్డుల తరగతిలో 2,500 రూపాయలు కట్టి చేరాను.

టారో కట్టలో 78 కార్డులుంటాయి. వాటిలో 22 మేజర్ ఆర్కానా, అంటే పెద్ద కార్డులు; మిగిలిన 56 మైనర్ ఆర్కానా, అంటే చిన్న కార్డులు. దండాలు, పాత్రలు, కత్తులు, నాణేలు అనే నాలుగు రంగులు ఈ రెండో భాగంలోవే. ఇస్పేటు, కళావరు తెలిసినవారికి ఈ లెక్క వెంటనే పట్టుబడుతుంది. మన పేకలో రంగుకు 13 ముక్కలైతే ఇక్కడ రాజు, రాణి, జాకీలకు తోడు ఒక గుర్రపు రౌతు చేరి 14 అవుతాయి.

శనివారం ఉపాధ్యాయురాలు 13వ కార్డు 'మృత్యువు'ను మా ముందు పెట్టి, అర్థం జోలికి పోకుండా కంటికి కనిపించేది మాత్రమే చెప్పమన్నారు. నల్లని కవచం తొడిగిన అస్థిపంజరం, తెల్ల గుర్రం, నేలకూలిన రాజు అంటూ ఒక్కొక్కటే చెబుతుండగా, దూరాన రెండు బురుజుల నడుమ ఉన్న సూర్యుడి దగ్గర వాదన మొదలైంది. "ఉదయమే కదండీ, మనకు రోజూ సముద్రం మీద కనిపించేది అదే" అని నా పక్కన కూర్చున్న పెద్దావిడ తేల్చేశారు. భయపెట్టే కార్డును ఓపికగా చూడడం నేర్పిన ఆ గంటకే నా డబ్బు గిట్టుబాటయింది.

చరిత్ర విషయంలో మాత్రం పాఠం తప్పు. ఈ కార్డులు ప్రాచీన ఈజిప్టు నుంచి వచ్చాయని ఉపాధ్యాయురాలు చెప్పారు. నిజానికి ఇవి 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం పుట్టిన ముక్కలు కాగా, ఈజిప్టు కథను 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి రచయిత ప్రచారంలోకి తెచ్చాడు. మేము చూసిన బొమ్మలు 1909లో లండన్‌లో వెలువడిన కట్టలోవి. వాటిని గీసిన పమేలా కోల్మన్ స్మిత్ పేరు పాఠంలో ఎక్కడా రాలేదు, ఆ కట్టను రూపొందించిన వెయిట్ పేరు మాత్రం పదిసార్లు వచ్చింది. మాకిచ్చిన నకలు కట్ట కూడా నాసిరకమే. సముద్రపు తేమకు ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని కలపడమే కష్టమైంది.

ఆదివారం జోస్యానికి పది కార్డులు పరిచే 'సెల్టిక్ క్రాస్' పద్ధతిని అరగంటలో ముగించి, మిగిలిన సమయమంతా మా 'దోషాలు' చూసి 1,800 రూపాయల స్ఫటికాల కంకణం అంటగట్టే ప్రయత్నం చేశారు. నా చిన్నతనంలో పెదవాల్తేరు వీధుల్లో చేటెడు బియ్యానికి సోది చెప్పిన ఎరుకలమ్మ ఏనాడూ కంకణాలు అమ్మలేదు.

చేరదలచినవారు శనివారం ఒక్కరోజుకే తీసుకుంటారేమో ముందుగా అడగండి. ఆ ఒక్కరోజుకే అయితే 1,500 రూపాయల వరకు ఇవ్వవచ్చు.