మనవరాలికి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా: ఎంవీపీ కాలనీ క్లినిక్‌లో మా అనుభవం

మా మనవరాలికి తొమ్మిది నెలలు నిండాక, విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక పిల్లల క్లినిక్‌లో టైఫాయిడ్ కాంజుగేట్ టీకా వేయించాము. ఏళ్ల తరబడి డిగ్రీ పిల్లలకు జీవరసాయన శాస్త్రం చెప్పినవాణ్ణి కనుక, సూది కంటే ముందు నా చూపు టైప్‌బార్ టీసీవీ అనే ఆ టీకా అట్టపెట్టె మీదికి పోయింది: అర మిల్లీలీటరు మోతాదులో 25 మైక్రోగ్రాముల వీఐ పాలీశాకరైడ్ (టైఫాయిడ్ క్రిమి పైపొరలోని చక్కెర గొలుసు), దానికి అతికించిన టెటనస్ టాక్సాయిడ్ (విషగుణం తీసేసిన ధనుర్వాత విషం, ఒక ప్రోటీను). ఇలా అతికించినదే కాంజుగేట్.

పాత రకం టైఫాయిడ్ టీకాలో ఉన్నదీ ఈ చక్కెర గొలుసే. దాన్ని ఒంటరిగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల శరీరం సరిగా స్పందించదు. పెద్దలకైనా మూడేళ్లకొకసారి మళ్లీ వేయవలసిందే. అదే చక్కెరను ప్రోటీనుకు అతికిస్తే, దాన్ని పట్టుకున్న బి కణం (ప్రతిరక్షకాలు తయారుచేసే రక్షణ కణం) ప్రోటీనునూ కలిపి మింగి, ఆ ముక్కలను పైకి తెచ్చి చూపుతుంది, అప్పుడు టి కణమనే మరో రక్షణ కణం సాయానికి వస్తుంది. చక్కెరకు లేని సిఫారసు ప్రోటీను తెచ్చిపెడుతుందన్నమాట. 1929లోనే ఏవరీ, గోబెల్ అనే శాస్త్రవేత్తలు ఈ కిటుకు చూపించారు.

ఫ్రిజ్‌లో టైఫిబెవ్ అనే మరో టైఫాయిడ్ కాంజుగేట్ టీకా కూడా ఉంది. ‘‘ఏది వేయమంటారు మాస్టారూ?’’ అని నర్సమ్మ అడిగింది. టైఫిబెవ్‌లోని వాహక ప్రోటీను, అంటే చక్కెరను మోసే ప్రోటీను, సీఆర్‌ఎం197: ప్రోటీను గొలుసులోని అమైనో ఆమ్లాల వరుసలో 52వ స్థానంలో గ్లైసీన్‌కు బదులు గ్లుటామిక్ ఆమ్లం చేరిన డిఫ్తీరియా విషం. ఆ ఒక్క మార్పుతో విషగుణం పోయింది, ఆకారం మిగిలింది. టాక్సాయిడ్ కోసం విషాన్ని ఫార్మాలిన్ అనే రసాయనంతో నిర్విషం చేసేటప్పుడు చక్కెర అతుక్కోవలసిన లైసీన్ అనే అమైనో ఆమ్లాలు కొన్ని ఖర్చయిపోతాయి, సీఆర్‌ఎం197కు ఆ బెడద లేదు. ఇంత తెలిసీ నేను టెటనస్ టాక్సాయిడ్ ఉన్న టైప్‌బార్‌నే ఎంచుకోవడానికి కారణం చిన్నది: దాని గడువు తేదీ ఇంకా దూరంగా ఉంది. రెండూ హైదరాబాదు కంపెనీలవే, రెండింటికీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నాణ్యత, భద్రత పరిశీలించి ఇచ్చే ముందస్తు అర్హత (ప్రీక్వాలిఫికేషన్) ఉంది.

ఫ్రిజ్ మీటరు 5 డిగ్రీలు చూపింది. తొడకు సూది వేస్తే పాప ఏడ్చి, గిలక్కాయ చూడగానే మానేసింది. గంటసేపు కూర్చోబెట్టినందుకు బాధ లేదు కానీ, కార్డులో ‘టైఫాయిడ్’ అని మాత్రమే రాయడం పొరపాటు. వేసింది పాత రకమో కాంజుగేటో రేపు మరో డాక్టరుకు ఎలా తెలుస్తుంది? రెండోసారి అడిగాక డాక్టరుగారే పెన్ను తీసి టీకా పేరు, బ్యాచ్ నంబరు రాసిచ్చారు.