ఒంటరిగా ఉండే పెద్దలకు ఏది మేలు: సేవలున్న కొత్త ఫ్లాటా, ఉన్న ఇంటికే సేవలా?

రాజమహేంద్రవరంలో మా కాలనీ పెద్దల సంఘం సమావేశమైన ప్రతిసారీ ఒకే ప్రశ్న ముందుకు వస్తున్నది. పిల్లలు డాలస్‌లోనో సింగపూర్‌లోనో స్థిరపడ్డారు, ఇల్లు సొంతమే, పింఛను వస్తున్నది, వంట ఇంకా చేసుకోగలరు. అయినా ఒంటరిగా రోజు గడవడం కష్టమవుతున్నది. ఇటువంటి వారి కోసం సింగపూర్ తరహాలో సేవలతో కూడిన చిన్న ఫ్లాట్లు కట్టించాలా, లేక అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో చేస్తున్నట్లు ఎవరి ఇంట్లో వారిని ఉండనిచ్చి సేవలనే గుమ్మం దగ్గరకు తీసుకువెళ్లాలా? 40 మంది పెద్దలతో ఆరు నెలల ప్రయోగం మొదలుపెట్టేటప్పుడు మేము రెండో దారిని ఎంచుకున్నాము. ఎందుకు ఎంచుకున్నామని అడుగుతున్నవారు చాలామంది ఉన్నారు కనుక రెండింటినీ తూచి చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

సింగపూర్ ప్రభుత్వం ఈ ప్రయోగానికి బుకిత్ బాతోక్ ప్రాంతాన్ని ఎంచుకుని, అక్కడి ఫ్లాట్లను 2021 ఫిబ్రవరిలో అమ్మకానికి పెట్టింది. 65 ఏళ్లు నిండినవారికే అవి దొరుకుతాయి. ఒక్కొక్క ఫ్లాటు సుమారు 32 చదరపు మీటర్లు. చక్రాల కుర్చీ తిరగడానికి వీలైన బాత్‌రూమ్, పట్టుకోవడానికి కమ్మీలు, జారని నేల కట్టేటప్పుడే అమర్చారు. లీజును మామూలుగా 99 ఏళ్లకు కాక, కొనేవారి వయసును బట్టి 15 నుంచి 35 ఏళ్ల వరకు ఎంచుకోనిస్తారు కాబట్టి ధర అందుబాటులో ఉంటుంది. ఫ్లాటుతో పాటు ప్రాథమిక సేవలను కూడా తప్పనిసరిగా తీసుకోవాలి: 24 గంటల అత్యవసర సహాయం, ఆరోగ్యం గురించి అప్పుడప్పుడు వాకబు, చిన్న చిన్న మరమ్మతులు, అందరినీ కనిపెట్టుకుని ఉండే ఒక నిర్వాహకుడు. ఇల్లు ఊడ్చడం, బట్టలు ఉతకడం, భోజనం తెచ్చి ఇవ్వడం వంటివి కావాలంటే వేరుగా డబ్బు కట్టి తీసుకోవచ్చు. ఇంటినీ సేవనూ విడదీయకుండా ఒకే ఒప్పందంలో పెట్టడం ఈ పథకం గొప్పదనం. రేపు సేవలు ఆగిపోతాయేమోనన్న బెంగ పెద్దవారికి ఉండదు.

అయితే అక్కడ ఇళ్లు కట్టేదీ, భూమిని తన చేతిలో ఉంచుకుని దానికి లీజు నిర్ణయించేదీ, ఆరోగ్య శాఖను కలుపుకొని పథకం నడిపేదీ ప్రభుత్వమే. మన దగ్గర ఆ మూడింటినీ కలిపి పట్టుకున్న చేయి లేదు. పదవీ విరమణ గృహాల నియంత్రణకు కేంద్రం 2019లో నమూనా మార్గదర్శకాలు విడుదల చేసింది కానీ వాటిని అమలులో పెట్టవలసినది రాష్ట్రాలు. ఇక మా కాలనీ పెద్దలలో తమ ఇల్లు అమ్మి వేరే చోట చిన్న ఫ్లాటు కొనడానికి సిద్ధపడినవారు ఇద్దరే. భర్త కట్టించిన ఇల్లు, పెరట్లో తాను నాటిన మామిడిచెట్టు, ఎదురింటివారితో ముప్పై ఏళ్ల రాకపోకలు అమ్మకానికి పెట్టే వస్తువులు కావు.

వెర్మాంట్ పద్ధతిని అక్కడ సాష్ (సపోర్ట్ అండ్ సర్వీసెస్ ఎట్ హోమ్, అంటే ఇంటి దగ్గరే అండ, సేవలు) అంటారు. 2009లో బర్లింగ్టన్ నగరంలోని ఒక పెద్దల గృహసముదాయంలో ప్రయోగంగా మొదలై, 2011 నుంచి రాష్ట్రమంతటా విస్తరించింది. ప్రతి 100 మంది బృందానికి పూర్తికాలం పనిచేసే ఒక సమన్వయకర్త, వారానికి సుమారు పది గంటలు వచ్చే ఒక నర్సు ఉంటారు. పెద్దలు ఒక్క పైసా చెల్లించనక్కరలేదు. సమన్వయకర్త మొదట ప్రతి ఒక్కరితో తీరిగ్గా కూర్చుని, వారి ఆరోగ్యం, తిండి, మందులు, స్నేహాలు, భయాలు తెలుసుకుని, వారు ఏమి కోరుకుంటున్నారో రాసుకుంటారు. ఆ తరువాత ఎవరికి ఏది అవసరమో దానిని ఆసుపత్రి నుంచో, సేవాసంస్థ నుంచో కుదిర్చి పెడతారు. సొంతంగా కట్టేది ఏమీ లేదు.

నా దృష్టిలో ఈ విషయాన్ని తేల్చేది ఆ తీరిగ్గా కూర్చునే మనిషే. ప్రయోగానికి ముందు ఇంటింటికీ వెళ్లినప్పుడు జరిగిన ఒక సంగతి చెబుతాను. మా వీధిలో 81 ఏళ్ల విశ్రాంత ఉపాధ్యాయిని ఒంటరిగా ఉంటారు. మేము సమన్వయకర్తగా నియమించుకున్న ఆమె, గతంలో ఒక ఆసుపత్రిలో ఆయాగా పనిచేసినవారు, వారింట్లో బీపీ మాత్రల పట్టీని చేతిలోకి తీసుకుని చూసి, “రాత్రివి నాలుగు మిగిలిపోయాయేమిటి మామ్మగారూ?” అని అడిగారు. చాలాసేపు మాట దాటవేసిన తరువాత, “అది వేసుకుంటే రాత్రి రెండుసార్లు లేవాలమ్మా, ఆ మెట్టు దిగాలంటే భయం” అన్నారు మామ్మగారు. బాత్‌రూమ్ నేల గదికంటే జానెడు లోతుగా ఉంది, పట్టుకోవడానికి ఆసరా లేదు. డాక్టరుగారితో మాట్లాడితే ఆ మాత్రను ఉదయానికి మార్చారు. తాపీమేస్త్రి ఒక్క పూటలో మెట్టు పక్కన కమ్మీ బిగించి, మధ్యలో ఇంకో చిన్న మెట్టు కట్టారు. సింగపూర్ ఫ్లాటులో ఆ లోతైన మెట్టు అసలు ఉండేదే కాదు, నిజమే. కానీ మిగిలిపోయిన మాత్రల వెనుక ఉన్న భయాన్ని అడిగి తెలుసుకునే పని గోడలు చేయలేవు. అది ముఖపరిచయం ఉన్న మనిషికే సాధ్యం.

ఈ మాటకు ఎదురు నిలిచే సాక్ష్యం కూడా ఉంది, దానిని దాచకూడదు. అమెరికా గృహనిర్మాణ శాఖ ఇదే ఆలోచనతో 2017 అక్టోబరులో ఏడు రాష్ట్రాలలోని 40 గృహసముదాయాలలో పూర్తికాల సమన్వయకర్తను, పాక్షికకాల నర్సును నియమించి, ఆ సేవ అందని భవనాలతో పోల్చి చూసింది. అకస్మాత్తుగా ఆసుపత్రి పాలవడం గానీ, అత్యవసర విభాగానికి వెళ్లడం గానీ చెప్పుకోదగినంత తగ్గినట్లు తేలలేదు. ప్రయోగం మధ్యలోనే కొవిడ్ వచ్చి పడింది కూడా. వెర్మాంట్‌లో మాత్రం పట్టణ ప్రాంతపు బృందాలలో ఒక్కొక్కరిపై ప్రభుత్వ వైద్యబీమా ఖర్చు పెరుగుదల ఏటా వెయ్యి డాలర్లకు పైగా నెమ్మదించినట్లు అధ్యయనాలలో కనిపించింది. అన్ని బృందాలలోనూ ఆ ఫలితం రాలేదు. అందువల్ల ఆసుపత్రి ఖర్చు తగ్గుతుందన్న ఆశ చూపి మేము ఎవరి దగ్గరా చందా అడగలేదు. ఎందరు మందులు సక్రమంగా వేసుకుంటున్నారు, ఎందరు వారంలో కనీసం రెండుసార్లు ఇంటి బయటకు వస్తున్నారు, ఎందరు కాలు జారి పడ్డారు అనే మూడింటినే మొదటి రోజు నుంచి నోటుపుస్తకంలో రాస్తున్నాము.

ఒక్కరి చేతికి ఎంతమందిని అప్పగించాలన్నది మరో ముఖ్యమైన విషయం. మన రాష్ట్రంలో 2019లో గ్రామాలలో 50 ఇళ్లకు ఒక వాలంటీరు చొప్పున నియమించారు, 2020 నుంచి కొన్నేళ్లు వారే పింఛను ఇంటికి తెచ్చి ఇచ్చారు, తరువాత ఆ పని సచివాలయ సిబ్బందికి వచ్చింది. నెలకు ఒకసారి తలుపు తట్టే మనిషికే పెద్దలు ఎంతగా ఎదురుచూసేవారో చూసినవారికి తెలుసు. వారానికి రెండుసార్లు వెళ్లి, కూర్చుని మాట్లాడాలంటే ఒకరికి 40 మంది కంటే ఎక్కువ తగదని మాకు అనిపించింది.

మిగిలిన దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. జపాన్‌లో 2011 నుంచి నమోదవుతున్న సేవాసహిత అద్దె ఇళ్లు సింగపూర్ పద్ధతికి దగ్గరగా ఉంటాయి. వృద్ధాశ్రమం తిండికీ నీడకూ ఆధారం లేనివారికి అవసరమే, మా ప్రశ్న అది కాదు. మెడలో వేసుకునే అలారం బటన్, వృద్ధుల కోసం ఉన్న 14567 సహాయవాణి నంబరు ఏ పద్ధతిలోనైనా ఉండవలసినవే.

లిఫ్టు లేని మూడో అంతస్తులో ఉన్నవారికీ, ఏటా ఇల్లు మారవలసి వచ్చే అద్దె కాపురస్థులకూ సింగపూర్ తరహా ఫ్లాటే మేలని నేనూ ఒప్పుకుంటాను. మతిమరుపు జబ్బు ముదిరినవారికి ఈ రెండూ చాలవు, వారికి పక్కనే మనిషి ఉండాలి.

మా పద్ధతిలో తీరని లోటు రాత్రివేళ. బుకిత్ బాతోక్‌లో అర్ధరాత్రి పిలిచినా పలికేవారు ఉంటారు. మా దగ్గర తలుపు లోపలి గడియ పడిన తరువాత తెల్లవారేదాకా ఎవరికీ ఏమీ తెలియదు. అందుకని గడియ మానిపించి, బయటి నుంచి కూడా తీయగలిగే తాళం బిగించి, రెండో తాళంచెవిని ఆ పెద్దవారే ఎంచుకున్న పొరుగింటివారి దగ్గర ఉంచమని కోరాము. 40 మందిలో 28 మంది ఒప్పుకున్నారు. మిగిలిన 12 మంది ఇళ్లకు సమన్వయకర్త ఉదయం ఏడు గంటలకే వెళ్లి తలుపు తడుతున్నారు.