ఆర్డర్ చూసి పని చేయడమా, పేషెంట్‌ను చూసి ఆలోచించడమా?

హైదరాబాద్‌లో నర్సింగ్ చదివేవాళ్లకు ఆసుపత్రి పోస్టింగుల్లో రెండు పద్ధతులు ఎదురవుతాయి. ఒకటి పనులు పంచుకోవడం: ఒకరు బీపీలు, ఒకరు ఇంజెక్షన్లు, ఇంకొకరు డ్రెస్సింగులు. ఉస్మానియా, గాంధీ లాంటి రద్దీ ఆసుపత్రుల్లో ఇలాగైతే పని చకచకా తెమిలిపోతుంది, కాదనను. కానీ పేషెంట్ అనే మనిషి మొత్తంగా ఎవరి కంటా పడడు.

రెండోది నర్సింగ్ ప్రాసెస్. అంటే పరిశీలించడం, సమస్య తేల్చుకోవడం, ప్లాన్ వేయడం, చేయడం, ఫలితం వచ్చిందా అని మళ్లీ చూడటం.

పొట్ట ఆపరేషన్ అయిన పెద్దాయన రాత్రి నొప్పితో మెలికలు తిరుగుతున్నారనుకోండి. షీట్‌లో నొప్పి ఇంజెక్షన్ రాసే ఉంది, మొదటి పద్ధతిలో అది ఇచ్చేసి టిక్ పెడతారు. ఆలోచించే నర్సు మాత్రం ముందు నాడి, శ్వాస, బీపీ చూస్తుంది, కుట్ల దగ్గర రక్తం ఊరుతోందా అని చూస్తుంది, పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బిర్రుగా తగులుతుంది, యూరిన్ బ్యాగ్ దాదాపు ఖాళీగా ఉంటుంది, కిందికి వంగితే ట్యూబ్ ఆయన తొడ కింద మడతపడి ఉంటుంది. మడత తీస్తే యూరిన్ దిగుతుంది, ఆయన నెమ్మదిస్తారు. అరగంటకు మళ్లీ వెళ్లి చూసి, బ్యాగ్‌లో ఎంత దిగిందో రాస్తుంది.

అమెరికన్ నర్సు ఐడా జీన్ ఒర్లాండో 1961లోనే, ఆర్డర్ ఉందని చేసేయడానికీ పేషెంట్ అవసరం తెలుసుకుని చేయడానికీ ఉన్న ఈ తేడాను గట్టిగా చెప్పారు.

గుండె ఆగినప్పుడు మాత్రం ప్లాన్ రాస్తూ కూర్చోకూడదు, వెంటనే సీపీఆర్ (ఛాతీ నొక్కుతూ శ్వాస అందించడం) మొదలుపెట్టాలి. మిగతా సమయమంతా నా ఓటు రెండోదానికే. రద్దీ ఎక్కువైతే పేజీలకు పేజీలు కేర్ ప్లాన్ రాయక్కర్లేదు, డ్యూటీ మారేటప్పుడు జరిగే హ్యాండోవర్‌లో ఎవరి పరిస్థితి మారిందో ముందు అడిగి, నేరుగా ఆ మంచం దగ్గరికి వెళ్లండి.